మూడో పిన్ను

స్టెల్లా మైక్రోమీటరుతో కొలిచి చూసింది. విమానం చక్రం తలుపుకి పెట్టే పిన్ను వెంట్రుకలో సగం మందం తగ్గింది.

"మళ్ళీ ఎమెరీ పేపరు పెట్టి రుద్దారా, కరిముల్లాగారూ?"

"ఆటోనగర్‌లో లారీ పనులు చేసిన చెయ్యి కదండీ, మేడం. మెరవకపోతే లారీవాళ్ళు పిన్ను ముట్టుకోరు. అలవాటు పోవట్లా," అన్నాడు కరిముల్లా, కిటికీలోంచి గేటు వైపు చూస్తూ.

వరసగా తప్పిన పిన్నుల్లో ఇది మూడోది. విమాన భాగాలు చేసే చిన్న కంపెనీలకు చేయూత ఇవ్వడానికి గన్నవరం రోడ్డులో పెట్టిన ఇంక్యుబేషన్ సెంటరుకు స్టెల్లా మేనేజరు. అక్కడున్నన్నాళ్ళూ కరిముల్లా బయటి పని పట్టకూడదు. పిన్ను పాసైతే ఆర్డరు వచ్చేదాకా కదలకూడదు. రెండేళ్ళుగా అక్కడ ఎవరికీ ఒక్క ఆర్డరూ రాలేదు. అతను తనంతట తాను మానేస్తే, తండ్రి అతనికిచ్చిన లేతు మిషను సెంటరుకే పోతుంది. మూడు పిన్నులూ తప్పితే మాత్రం లేతుతో సహా అతన్ని పంపెయ్యాలి.

"దిగులుపడకండి," అంది స్టెల్లా. "పైవాళ్ళతో మాట్లాడి ఆ మూడు ఛాన్సుల రూలు తీయించేశాను. మీరు ఎన్నిసార్లయినా చెయ్యొచ్చు."

కరిముల్లా మళ్ళీ గేటు వైపు చూశాడు. "ఎందుకండీ మేడం, నాకోసం అంత శ్రమ?"

"మిగతా ఆరు షెడ్లూ ఖాళీయేగా. మీరూ వెళ్ళిపోతే సెంటరు మూసేస్తారండీ."

ఆమె చెయ్యి చాపింది.

"ఆ ఎమెరీ పేపరు ఇటివ్వండి. లేతు తీసుకెళ్ళడానికి మీరు ముందే పిలిపించుకున్న మినీ లారీని ఇందాకే వెనక్కి పంపించేశాను."