గోరువెచ్చని పాలు

ఒక ఇంటి పెరుగు గిన్నెలో కంటికి కనపడనంత చిన్న ప్రాణి ఉండేది. పేరు పుల్లమ్మ. పాలలోని తీపి తిని బతకడం, తిన్నచోట పులుపు వదిలి పాలను పెరుగు చేయడం ఆమె వంశాచారం.

గిన్నెలో చెంచాడు పెరుగే మిగిలింది. పొయ్యి మీంచి పాలు దింపిన చప్పుడుకి ఆకలితో ఉన్న పుల్లమ్మ పిల్లలు గంతులేశారు.

"ఆగండర్రా! వేడి పాలలో పడితే వంశం మొత్తం ఉడికిపోతాం. పెద్దమ్మగారు ఉన్న రోజుల్లో పాలలో వేలు ముంచి చూసి, 'గోవిందా' అనుకుని తోడేసేవారు. ఎంత హాయిగా ఉండేదో! ఈ కొత్త కోడలికి ఆ సంగతి ఎవరు చెబుతారు?" అని పుల్లమ్మ కళ్లొత్తుకుంది.

పొయ్యి గట్టు మీది పిల్లి నవ్వింది. "వేడికి జడిసేదానివి, నీకు పాలెందుకే ముసలమ్మా? నన్ను చూసి నేర్చుకో!" అంటూ గట్టు మీద ఒలికిన పాలను నాకి, కెవ్వుమని ఎగిరి దూకింది.

తోడు వెయ్యబోతున్న కోడలి చెయ్యి ఆగిపోయింది. వేలు ముంచి చూసి "అమ్మో!" అనుకుంది. పాలు చల్లారేదాకా కూర్చుని, అప్పుడు తోడేసింది.

గోరువెచ్చని పాలలోకి దిగుతూ పుల్లమ్మ అంది: "కడుపారా తినండర్రా. పొద్దున్నకి పెరుగు కమ్మగా తోడుకోవాలి. పాపం, ఆ పిల్లి నాలుకకి చలవ కావాలి."