ఒంటె జీను

సేఫ్టీ బూటుతో డొక్కలో తన్నేసరికి ఒంటెల కాపరి లింబాద్రి ఇసుకలో బోర్లా పడ్డాడు. అయినా చేతిలో ఉన్న ఒంటె తాడు మాత్రం వదల్లేదు.

"నా కొడుకుని దించరా ముందు!" అరిచాడు గురుప్రసాద్. ప్రపంచకప్ స్టేడియం సైటు నుంచి ఉన్నపళంగా వచ్చాడు. పిల్లాడు రాలేదని స్కూలు నుంచి ఫోన్ వస్తే, భార్య ఫోను ఎక్కడుందో తన ఫోన్లో చూసుకుంటూ, ఎడారిలో షహానియా దగ్గరున్న ఈ ఒంటెల ఫారానికి కారు తోలుకొచ్చాడు. తీరా చూస్తే సెరెబ్రల్ పాల్సీతో పుట్టిన ఎనిమిదేళ్ళ సాకేత్ అంత ఎత్తున, ఒంటె జీనుకి బెల్టులతో బిగించి ఉన్నాడు. ఒంటినిండా వైర్లు.

"దించుత సార్. కొట్టుడు జర ఆపుండ్రి. ఒంటె బెదురుతున్నది. తాడిడిస్తే పిలగాన్నేసుకొని ఉరుకుతది."

గురుప్రసాద్ వినలేదు. కాలరు పట్టి లేపి మొహం మీద గుద్దాడు. పెదవి చిట్లింది. అడ్డొచ్చిన చేతిని మెలిపెట్టి మళ్ళీ గుద్దాడు. ఒంటె గట్టిగా అరుస్తూ వెనక్కి గుంజింది. తాడు లింబాద్రి అరచేతిని కోసుకుంటూ జారింది. అతను దాన్ని మణికట్టుకి చుట్టుకుని కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డాడు. జీను మీద సాకేత్ కెవ్వుమన్నాడు.

షెడ్డు నీడలో లాప్‌టాప్ ముందు కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఒకరు గురుప్రసాద్ భార్య భావన. రెండో ఆమె మెహర్ సుల్తానా, ఇలాంటి పిల్లల మీద పరిశోధన చేస్తున్న హైదరాబాదు డాక్టరు.

"ఏమండీ, ఆపండి! నేనే తీసుకొచ్చాను!"

"స్కూలని చెప్పి ఇక్కడికా?"

"చెబితే ఒప్పుకునేవారా మీరు?"

సమాధానంగా ఒక్క తోపు తోశాడు. భావన వెళ్ళి ఇనప కంచెకి కొట్టుకుంది. నుదురు పగిలి అక్కడే కూలబడింది.

"సార్, ఆ జీను మేం తయారు చేసిందే," అంది మెహర్. "ఒంటె నడక ఊపుకి బిగుసుకున్న కండరాలు వదులైతయి. బాబువి ఎట్ల పని చేస్తున్నయో అది చూపిస్తది. చాలా మంది పిల్లలకి..."

"మీ ప్రయోగాలకి నా కొడుకే దొరికాడా?" ఆమె చంకలో పెట్టుకొచ్చిన లాప్‌టాప్ లాక్కుని రాయికేసి బాదాడు. రెండు ముక్కలైంది. మెహర్ చెవులు మూసుకుంది.

ఆ కాస్త సందులో లింబాద్రి "ఇఖ్... ఇఖ్..." అంటూ తాడు కిందికి లాగాడు. ఒంటె ముందు కాళ్ళు మడిచి, వెనక కాళ్ళు మడిచి కూర్చుంది. అతను బెల్టుల మీద చెయ్యి వెయ్యబోయాడు.

"ముట్టుకోకు!" గురుప్రసాద్ అతన్ని జుట్టు పట్టి ఈడ్చి పారేశాడు. బెల్టులు తనే విప్పి, వైర్లు పీకేసి, కొడుకుని చంకనేసుకున్నాడు. మాటలు రాని గొంతుతో సాకేత్ ఏదో అరుస్తూనే ఉన్నాడు.

కింద పడ్డ లింబాద్రి నోట్లో రక్తం ఉమ్మేసి తలెత్తాడు. "పిలగానికి ఏం తాకలే గద సార్?"

ఆ మాటకి గురుప్రసాద్‌కి ఇంకా ఒళ్ళు మండింది. "నువ్వా అడిగేది? నిన్నిక్కడే చంపేస్తా!" అంటూ అతని మొహం మీదకి బూటు ఎత్తాడు.

ఫట్‌మని దెబ్బ పడింది. లింబాద్రికి కాదు, గురుప్రసాద్ ముక్కు మీద. కళ్ళు బైర్లు కమ్మాయి. నెత్తురు చొక్కా మీదకి కారింది.

"ఎవడ్రా అది?" అంటూ చుట్టూ చూశాడు. మెహర్ నాలుగు బారల దూరంలో ఉంది. భావన కంచె దగ్గర నుదురు పట్టుకుని కూర్చుంది. లింబాద్రి కాళ్ళ దగ్గరే ఉన్నాడు.

అప్పుడు చూశాడు. సాకేత్ కుడి పిడికిలి తన మొహానికి ఎదురుగా గాల్లో ఉంది, నెత్తురు అంటుకుని. పుట్టిన నాటి నుంచి గుండెకి అతుక్కుపోయి, ఎన్ని ఆపరేషన్లు చేయించినా అంగుళం కదలని చెయ్యి.

ఎత్తిన బూటు మెల్లగా నేలకి దిగింది. గురుప్రసాద్ ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడి, కొడుకు ముందుకి తన మొహం వంచాడు.

"ఇంకోటి కొట్టు నాన్నా," అన్నాడు ఏడుస్తూ. "అదే చేత్తో."