బొమ్మలో లేని కన్నం

"ఊపిరి పుస్తకం మీద పడనివ్వకమ్మా!" అన్నారు రామలింగేశ్వరరావు.

కుసుమ రెండడుగులు వెనక్కి వేసింది.

న్యూజిలాండ్‌లోని పాపకూర ఊళ్ళో తెలుగు పుష్పప్రియుల సంఘానికి ఆయన అధ్యక్షుడు. సంఘానికి ఉన్న ఆస్తల్లా ఆ పుస్తకమే. నూట ఎనభై ఏళ్ళ కిందట, లండన్‌లో పూలపిచ్చి ముదిరిన రోజుల్లో నెలనెలా వచ్చిన పత్రికల బైండు. ప్రతి పువ్వు బొమ్మకీ చేత్తో రంగులు వేశారు. తెల్ల గ్లోవ్స్ తొడుక్కుని పేజీ తిప్పే హక్కు ఆయనొక్కడిదే.

ఈ ఏడు పోటీ పెట్టారు. పుస్తకంలోని ఏదో ఒక పువ్వు ఇంట్లో పూయించి తేవాలి. అచ్చం బొమ్మలా ఉన్న పువ్వు ఎవరిదైతే, ఏడాదిపాటు పుస్తకం వాళ్ళింట్లో ఉంటుంది.

కుసుమకి ఆ పుస్తకమంటే ప్రాణం. ఆరు నెలలపాటు ఆస్పత్రి డ్యూటీకి వెళ్ళేముందు రోజూ నత్తలు ఏరి మరీ డాలియా పెంచింది.

అధ్యక్షుడిదీ కలిపి హాల్లో తొమ్మిది పూలు చేరాయి. అన్నీ ముందు వేంకటేశ్వరస్వామి పటం దగ్గర పెట్టాలని నియమం. దేవుడి పువ్వుని ఎవరూ వాసన చూడరు. ఒకరు పెట్టింది ఇంకొకరు ముట్టుకోరు. కాబట్టి తీర్పంతా దూరం నుంచి, కళ్ళజోడుతోనే.

"ఎండ తగలకుండా గొడుగు పట్టానండీ. మా ఆవిడకైనా ఎప్పుడూ పట్టలేదు," అన్నాడు సుబ్బారావు తన గులాబీని చూపిస్తూ.

"నా లిల్లీ ఫుల్ ఆర్గానిక్ అంకుల్. ఓన్లీ పేడ ఎరువే," అంది కిరణ్మయి.

అధ్యక్షుడు డాలియా దగ్గర ఆగారు.

"రేకుకి కన్నం ఉందేంటమ్మా?"

"నత్త కొరికింది సార్. ఒక్క రేకే."

"పుస్తకంలో బొమ్మకి కన్నం లేదుగా! పూలు పెంచడం అందరివల్లా అయ్యే పని కాదులే."

అందరూ నవ్వారు. పుస్తకం సుబ్బారావు కారెక్కింది. కుసుమకి ఏడుపొచ్చింది. పోనీ పువ్వైనా తీసుకెళ్దామంటే, అది దేవుడి సొమ్మైపోయింది.

అద్దె హాలు కావడంతో స్వామివారి పటాన్ని పూలతో సహా బీరువాలో పెట్టి తాళం వేస్తే మళ్ళీ తీసేది నెల తర్వాతే. నెల తిరిగాక శుభ్రం చేసే వంతు కుసుమకి పడింది. చీపురూ చెత్తసంచీ పట్టుకుని అందరికన్నా ముందే వచ్చి బీరువా తెరిచింది.

తొమ్మిది పూలలో వాడిపోయింది ఆమెది ఒక్కటే.