పూజలో పెట్టిన కీప్యాడ్

“తాకొద్దు. రేపు పొద్దున మళ్లీ పూజ చేసేదాకా ఎవరూ ఆ గుడ్డ ఎత్తకూడదు,” అంది అంజనమ్మ, హారతి పళ్లెం కింద పెడుతూ.

కోడలు కీర్తిక గుమ్మంలోనే ఆగిపోయింది. తను స్నానం చేసి వచ్చేలోగా అత్తగారు బల్ల మీది కీప్యాడ్‌ను కూడా ఆయుధపూజలో చేర్చేసింది. మామ సీనప్ప స్పానర్లు, అత్త కొడవలి, వాటి పక్కన పన్నెండు మీటల ఆ చిన్న పెట్టె. అన్నిటి మీదా పట్టుగుడ్డ.

“అత్తా, అది నాకు ఈ పొద్దే కావల్ల.”

“నీ పనిముట్టని గౌరవంగా పెట్టినాను. కంప్యూటర్ మోయలేక దానికి బొట్టు మాత్రం పెట్టినాను. పండగ పూట పనేంది?”

కీర్తిక సోగత్తూరులో ఇంట్లోనే కూర్చుని హోసూరు కంపెనీకి సర్క్యూట్ బోర్డులు గీస్తుంది. కుడి మణికట్టు వాచాక మౌస్ తగ్గించమన్నాడు డాక్టర్. అప్పుడు కొన్నది ఈ కీప్యాడ్. ఎడమచేత్తో ఒక మీట నొక్కితే రాగి గీత మొదలవుతుంది. ఇంకోటి నొక్కితే బోర్డుకు రంధ్రం పడి గీత అవతలి వైపుకు పోతుంది. మరోటి తప్పులు వెతుకుతుంది. ఏ మీట ఏం చేయాలో ఆమే దానికి నేర్పింది. అది లేకపోతే గంటలో కుడిచెయ్యి పైకి లేవదు.

పది గంటలకు మేనేజర్ కలైయరసన్ ఫోన్ చేశాడు. “బోర్డు అడిగిన పూణే వాళ్లకు ఈ పండగ సెలవు లేదమ్మా. నాలుగింటికి బోర్డు రాకపోతే ఇంటి నుంచి పని అని నేనింక పైవాళ్లను ఒప్పించలేను. రోజూ హోసూరు రావాల్సిందే.”

రోజూ అంత దూరం బస్సులో, ఈ చేత్తో? ఉద్యోగం మానుకోవడమే. చదివిన చదువంతా వంటింటి పొగలో కలిసిపోతుందని ఆమెకు ఏడుపొచ్చింది.

కొట్టంలో ఆవు పొద్దుటి నుంచి అరుస్తూనే ఉంది. కాసేపటికి అంజనమ్మ గంప చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

“వెనకవీధి మణిమేగలై ఇంట్లో సుండల్ గుగ్గిళ్లు ఇచ్చి వస్తాను. గుడ్డ జాగ్రత్త.”

దొంగకే తాళాలు ఇచ్చినట్టయింది. అత్త వీధి మలుపు తిరగగానే కీర్తిక సామి ముందు లెంపలేసుకుంది. గుడ్డ ఎత్తే ధైర్యం లేక, అంచు కింద చెయ్యి దూర్చి తడిమి, కీప్యాడ్ లాగేసుకుంది. గది తలుపు మూసి పనిలో పడింది. కుంకుమ అంటుకున్న మీటల మీద వేళ్లు వాటంతటవే నడిచాయి. మధ్యాహ్నానికి ఆవు అరుపు కూడా ఆగింది. ఆ నిశ్శబ్దం ఆమెకు హాయిగా అనిపించింది.

మూడు దాటాక బయట మామ గొంతు వినిపించింది.

“మోటారు నట్టు లూజైంది. ఒక్క స్పానర్ తీసుకుంటాను.”

కీర్తిక మీటలు నొక్కడం ఆపి చెవి తలుపు వైపు పెట్టింది. గుడ్డ ఎత్తితే కీప్యాడ్ లేదని తెలిసిపోతుంది.

“దాని మీద చెయ్యి వేసినావంటే ఈ రాత్రి నీకు కూడు లేదు,” అంది అంజనమ్మ. అప్పటికే తిరిగి వచ్చినట్టుంది.

“ఒక్క స్పానరే కదమ్మే.”

“ఒక్కటైనా పదైనా సామిదే. మోటారు రేపు తిరుగుతుంది, పో.”

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. అత్త చాదస్తాన్ని కీర్తిక జీవితంలో మొదటిసారి మనసారా మెచ్చుకుంది.

మూడూ యాభైకి బోర్డు వెళ్లింది. “అందింది. ఒక్క తప్పూ లేదు. ఇంటి నుంచే చెయ్యమ్మా,” అన్నాడు కలైయరసన్. కీర్తిక కుర్చీలో వెనక్కి వాలింది. ఎంత తేలిక!

ఆ తేలిక ఎక్కువసేపు నిలవలేదు. అంత నిష్ఠగల మనిషిని మోసం చేశానన్న బాధ మొదలైంది. వంటింట్లోకి పోయి, కీప్యాడ్ అత్త ముందు పెట్టింది.

“అత్తా, తప్పు చేసినాను. గుడ్డ కింద నుంచి దీన్ని తీసేసినాను. తీయకపోతే నా పని పోతుండె.”

అంజనమ్మ పొయ్యి మంట తగ్గించింది. వాకిట్లో మొగుడు లేడని తొంగిచూసి, కోడలి దగ్గరికి జరిగింది.

“మీ మామకు చెప్పొద్దు.”

“చెప్పను అత్తా. మన్నించండి.”

“అది కాదు పాపా,” అంది అంజనమ్మ గొంతు తగ్గించి. “పసువుకు పండగ తెలుస్తుందా? దానికి పచ్చిగడ్డి కావల్ల కదా?”

కీర్తికకు అర్థం కాలేదు.

“నా కొడవలి కూడా ఆ గుడ్డ కింద లేదు.”