రెండో తలుపు

సిబ్బంది పడుకునే గదిలో, గోడకి తలుపు కనపడగానే ఇన్‌స్పెక్టరమ్మ ఆగిపోయింది.

చేతిలోని ప్లాను చూసుకుంది. ప్లానులో అక్కడ తలుపు లేదు.

తలుపంటే పెద్దదేం కాదు. మనిషి వంగి దూరేంత కంత, దానికో ఇనప రేకు, ఓ గడియ. అవతల తాళ్లు పెట్టుకునే కొట్టు. అందులోంచి నిచ్చెనెక్కితే డెక్కు.

మరమ్మతుకని యార్డుకొచ్చిన పాత సరుకుల ఓడ అది. తొమ్మిది మంది పడుకునే ఆ గది నీటి మట్టానికి కింద, ఇంజను గదిని ఆనుకుని ఉంటుంది. కిటికీ లేదు. పడకలు మూడంతస్తులు, పైవాడు పక్కకి ఒత్తిగిలితే భుజం కప్పుకి తగులుతుంది. బయటికి ఒకటే మెట్లదారి, అదీ ఇంజను గది ముందు నుంచే.

నిబంధన ప్రకారం రెండు దారులుండాలి. ఓడ పాతది, తీరం వెంబడే తిరిగేది కనక దానికి మినహాయింపు ఇచ్చారు. తొమ్మిదేళ్లుగా ఏటా ఆ కాగితం మీద సంతకం పెడుతున్నది ఇన్‌స్పెక్టరమ్మే.

ఈ పని ఎవరిదని అడిగింది.

యార్డు సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. "ఇంకెవరండీ, మా నస మేస్త్రీ."

నస మేస్త్రీ అరవై దాటిన వెల్డరు. ఆ ఓడ యార్డుకొచ్చిందంటే చాలు, ఆ గదికి ఇంకో దారి పెట్టాలని కనపడ్డవాళ్లందరి చెవిలో జోరీగలా పోరుపెట్టేవాడు. ఓసారి ఇన్‌స్పెక్టరమ్మ ఆఫీసుకే వెళ్లి, నాలుగు గంటలు బెంచీ మీద కూర్చుని, పిలుపు రాక తిరిగొచ్చాడు. ఆ సంగతి ఆవిడకి తెలియను కూడా తెలియదు.

ఈసారి ఎవర్నీ అడగలేదు. అందరూ భోజనాలకి పోయిన వేళ తనే గోడ కోసేశాడు.

పిలిపించారు.

"ఎవర్నడిగి కోశావయ్యా?"

"అడిగితే కుదరదంటారమ్మా. అందుకే అడగలేదు."

ఈ ఓడకి రెండో దారి అక్కర్లేదని ప్రభుత్వమే రాసిచ్చిందనీ, ప్లానులో లేని తలుపుంటే ఆ కాగితం చెల్లదనీ, కాగితం లేనిదే ఓడ కదలదనీ ఆవిడ విడమరిచి చెప్పింది.

మేస్త్రీ అంతా శ్రద్ధగా విన్నాడు.

"అంటే తలుపు లేకపోతే క్షేమం, ఉంటే ప్రమాదం. అంతేనా అమ్మా?"

సూపర్‌వైజరు నవ్వు దాచుకోడానికి అటు తిరిగాడు. ఆవిడకి ఒళ్లు మండింది.

"రేపు పొగ కమ్మితే, ఆ కాగితం పట్టుకుని పైకొస్తారా వీళ్లు?" అన్నాడు మేస్త్రీ. గొంతు మాత్రం పెంచలేదు.

ఆవిడ అక్కడే నిలబడి ఫిర్యాదు రాసింది. కంత మూసే పని యార్డువాళ్లు ఆయనతోనే చేయించారు. సాయంత్రానికి పనిలోంచి తీసేశారు.

మర్నాడు గోడ నున్నగా, కొత్త రంగుతో ఉంది. ఆవిడ సంతకం పెట్టింది. ఓడ కదిలింది.

ఆరు నెలల తర్వాత, పట్టపగలు, సముద్రం మీద ఇంజను గదిలో నూనె గొట్టం పగిలి మంటలు లేచాయి. మెట్లదారి పొగతో పూడిపోయింది. కింది గదిలో, రాత్రి డ్యూటీ దిగి పడుకున్నవాళ్లూ, వంట ముగించి నడుం వాల్చిన వంటవాడూ కలిపి ఆరుగురున్నారు.

ఆరుగురూ బతికారు.

ఎలా బతికారో విచారణలో వంటవాడు చెప్పాడు. మేస్త్రీ యార్డులో ఆఖరి రోజున తనని పిలిచి గోడ చూపించాడట. నాలుగు మూలలా చుక్కల్లాంటి నాలుగు టాకా అతుకులు తప్ప వెల్డింగు లేదనీ, మిగతాదంతా పుట్టీ, రంగేననీ, అవసరం పడితే సుత్తితో మూలల్లో గట్టిగా మోదమనీ చెప్పాడట. ఆనాటి నుంచీ వంటవాడు తలగడ కింద సుత్తి పెట్టుకునే పడుకున్నాడు.

ప్లానులో లేని తలుపు గురించి నివేదికలో రాయడం కుదరదన్నారు పెద్దలు. వంటవాడి మాట పక్కన పెట్టేశారు. ప్రాణనష్టం లేదు గనక మినహాయింపు వల్ల ఏ హానీ జరగలేదని తేల్చారు. అంతటితో ఆగినా బాగుండేది. అదే కారణం చూపించి మరో రెండు ఓడలకి అదే మినహాయింపు సిద్ధం చేసి, సంతకానికి ఇన్‌స్పెక్టరమ్మ బల్ల మీదికి పంపారు.

ఆవిడ పెట్టనంది.

"తొమ్మిదేళ్లు పెట్టిన చేతికి ఇవాళ ఏమొచ్చింది?" అన్నాడు పై అధికారి.

ఆవిడ మేస్త్రీని తీసుకొచ్చి, ఆయన నోటితోనే అందరి ముందూ చెప్పించాలనుకుంది. క్షమాపణ కూడా అడగాలనుకుంది. యార్డులో వాకబు చేసి, టైర్ల కొట్టు వెనక రెండు గదుల ఇంటి తలుపు తట్టింది.

తలుపు తీసింది ఆయన భార్య. లోపలికి రమ్మని కుర్చీ వేసింది.

"ఆయన పోయారమ్మా. ఓడ కాలడానికి వారం ముందు."

అంటే ఆ ఆరుగురి సంగతి ఆయనకి తెలియదు. ఇన్‌స్పెక్టరమ్మ ఆయన ఎప్పుడైనా ఓడల్లో పనిచేశారా అని అడిగింది. అలాంటి గదిలో అయినవాళ్లెవరైనా పోయారా అని కూడా అడిగింది.

"అదేం లేదమ్మా. ఓడ కదిలితే ఆయనకి కళ్లు తిరిగేవి."

"మరి ఆ ఒక్క ఓడ గురించే ఎందుకంత పట్టుదల?"

మేస్త్రీ భార్య కొంగుతో మొహం తుడుచుకుని, నెమ్మదిగా చెప్పింది. ఓడ కొత్తగా ఉన్నప్పుడు ఆ గదికి రెండు తలుపులుండేవట. సరుకుకి ఇంకాస్త చోటు కలుస్తుందని యజమాని ప్లాను మార్పించి ఒకటి మూసేయమన్నాడట. పాపం మూటగట్టుకోలేమని పాత వెల్డర్లు ఒక్కరూ ముందుకి రాకపోతే, అప్పుడే పనిలో చేరినవాణ్ని బెదిరించి చేయించారట.

"ముప్ఫై ఆరేళ్ల కింద ఆ తలుపు మూసింది మా ఆయనేనమ్మా."