గుసగుసల గోడ

నూరేళ్ళనాటి గ్రంథాలయంలో చదువుకునే హాలు గుండ్రంగా ఉంటుంది. ఈ గోడ దగ్గర గుసగుసలాడితే గోడ వెంటే తిరిగి అవతలి గోడ దగ్గర వినపడుతుంది. అక్కడ ఊడ్చే ముసలమ్మను, పుస్తకాలు బైండు చేసే మొగుడు అలాగే ఆటపట్టించేవాడు. ఆసుపత్రికి పోయే రోజున మాత్రం "వెళ్తానే" అన్నాడు. "వెళ్ళొస్తాననాలయ్యా!" అని ఆమె కసిరేలోపే బండి కదిలింది. మనిషి తిరిగి రాలేదు.

ఈ రాత్రి దీపాలార్పి గోడకు చెవి ఆనించింది.

"ఆ ఒక్క మాటా సరిగ్గా అని పోతే నీ సొమ్మేం పోయేది?"

గోడంతా చుట్టి తన గొంతే తిరిగి రావాలి.

"వెళ్ళొస్తానే, గయ్యాళీ."

గుండెల మీది బండ దిగినట్టయింది.

"తొందరగా రా," అని, గడియ పెట్టకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.