ఎర్ర పీట

పెళ్లివంటలు వండే వరహాలమ్మ ఎప్పుడూ వంటపాకలోనే నిలబడి తినేస్తుంది. ఈసారి పెళ్లికూతురి తల్లి ప్రేమగా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఆఖరి బంతిలో కూర్చోబెట్టింది. కూర్చోగానే పీట ఆమె బరువు చూసుకుని ఎర్రగా వెలిగింది.

ఇప్పుడు ఏ కల్యాణమండపంలో చూసినా ఇవే పీటలు. పీట ఎర్రగా వెలిగితే ఆ మనిషి విస్తరిలో కీరా ముక్కలు, మజ్జిగ తప్ప ఏమీ వడ్డించకూడదు. వడ్డిస్తే మండపానికి తాళం పడుతుంది. ఇరవయ్యేళ్లుగా ఆమె దగ్గరే పనిచేస్తున్న నూకరాజు బూరెల బుట్టతో వచ్చి, తల దించుకుని ఆమెను దాటిపోయాడు.

పక్కన బక్కపలచని బాపిరాజుగారు కూర్చున్నారు. రోజూ కట్టెడు చుట్టలు, సాయంత్రమైతే మందు, గుండెలో మూడు స్టెంట్లు. ఆయన పీట ఆకుపచ్చగా వెలుగుతోంది.

"పాపం, మంచోళ్లకే ఇలాంటి జబ్బులొస్తాయండి," అంది ఎదుటి వరసలో ఒకావిడ.

"ఏం చేస్తామండి, నా నుదుటిరాత," అంటూ ఆయన బూరెకు చిల్లు పెట్టి నెయ్యి పోయించుకున్నారు. తర్వాత వరహాలమ్మ వైపు తిరిగారు. "నువ్వే కాస్త నోరు కట్టుకోవాలమ్మా. మన ఒళ్లు మన చేతుల్లోనే ఉంటాది."

పొద్దుటినుంచి ఆమె కడుపులో టీ తప్ప ఏమీ పడలేదు. లేచిపోదామనుకుంది. కానీ బంతిలో పక్కవాళ్లు తింటుండగా లేస్తే వాళ్లను అవమానించినట్టే.

బాపిరాజుగారు నాలుగో బూరె నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"ఎవరు చేశారోగానీ, ఆ చేతులకి దండం పెట్టాలి!"

ఐదోదాని కోసం నూకరాజును కేకేశారు. వరహాలమ్మ ఆ చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆయన తినడం అయ్యేదాకా కూర్చుంది.